చెయ్యి పోయినా హక్కు పోదు
(డిసెంబరు 3, ప్రపంచ వికలాంగుల దినం నాడు షోలాపూరులో జరిగిన మిల్లు, పవర్‌లూమ్ కార్మికుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ దినాన్ని ఐక్యరాజ్య సమితి 1992లో ప్రకటించింది. అప్పటి నుంచి ఏటా ఈ రోజున ప్రభుత్వ కార్యాలయాల్లో సభలు జరుగుతున్నాయి. పిల్లలకు పరుగు పందాలు పెడతారు, నలుగురికి మూడు చక్రాల బండ్లు ఇస్తారు, ఫోటోలు దిగుతారు. బండి అందిన మనిషికి అది ఉపయోగమే, కాబట్టి మనం తప్పు పట్టం. కాని మన సభ బండ్లు పంచే సభ కాదు. మన కార్ఖానాల్లో వేలు పోయిన వాళ్లకు, కన్ను పోయిన వాళ్లకు, చెవులు మొద్దుబారిన వాళ్లకు చట్టం ఎంత ఇవ్వమంటున్నది, అందులో చేతికి వస్తున్నది ఎంత అనే లెక్క చూసుకోవడానికి కూర్చున్నాం. దానం ఇచ్చిన రోజున అందరూ చప్పట్లు కొడతారు. బాకీ అడిగిన రోజున మొహం తిప్పుకుంటారు. ఈ రోజు మనం బాకీ సంగతే మాట్లాడుకుందాం.

మన తాతలు కరీంనగర్ నుంచి, వరంగల్లు నుంచి, నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి మగ్గం పని చేతబట్టుకొని ఈ ఊరికి వచ్చారు. ఇక్కడ 1877లోనే నూలు మిల్లు వెలిసింది. పెద్ద గిరణీలు ఒకటొకటిగా మూతపడ్డాయి. ఇప్పుడు మనలో ఎక్కువ మంది చిన్న చిన్న కార్ఖానాల్లో సాంచాల మీద చాదర్లు, టవల్లు నేస్తున్నాం. ఊరి పేరు మోసుకొని ఆ చాదరు దేశమంతా పోతుంది. దాన్ని నేసిన వాడి వేలు ఎక్కడ పోయిందో ఎవరూ అడగరు.

మన పనిలో అంగవైకల్యం ఎలా వస్తుందో మీకు నేను చెప్పనక్కర లేదు. ధోటా ఎగిరి కంటికి తగులుతుంది. కప్పు లేని గేరులో, బెల్టులో వేళ్లు పడతాయి. కార్డింగులో రోలరు చేతిని లోపలికి లాగుతుంది. ఇవి ఒక్క క్షణంలో జరిగేవి, రక్తం కనబడేవి. రక్తం కనబడకుండా జరిగేవి ఇంకా ఉన్నాయి. ఇరవై ఏళ్లు సాంచాల మోతలో నిలబడ్డ వాడికి ఇంట్లో మనవడి మాట వినబడదు. వయసు మీద పడింది అనుకుంటాడు. పత్తి దుమ్ము పీల్చిన వాడికి సెలవు తర్వాత పనిలోకి వచ్చిన రోజున ఛాతీ పట్టేస్తుంది. బీడీ వల్ల అనుకుంటాడు. మోత వల్ల వచ్చే చెవుడు, పత్తి దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు బిస్సినోసిస్, రెండూ వృత్తి జబ్బుల జాబితాలో ఉన్నాయి. అంటే చట్టం కళ్లలో అవి కూడా పనిలో జరిగిన ప్రమాదాలే. వాటికీ పరిహారం ఉంది.

మాట సంగతి

ముందు ఒక చిన్న మాట. మన కార్ఖానాల్లో మనమే మన వాళ్లను ఏమని పిలుస్తున్నాం? కుంటోడు, గుడ్డోడు, చెవిటోడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఏడాదిలో మాయమవుతుంది. ప్రభుత్వం వికలాంగులు అనే మాట తీసి దివ్యాంగులు అంటున్నది. ఏ మాట వాడాలో ఆ మనుషులే తేల్చుకుంటారు. అవమానం మాత్రం నేరం. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. పది మందిలో ఒక వికలాంగుణ్ణి కావాలని అవమానించినా, బెదిరించినా దాని 92వ సెక్షను కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష పడవచ్చు. సేటుకూ, ముకద్దంకూ ఈ సంగతి తెలియాలి. మనకూ తెలియాలి.

1995 నాటి పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. కొత్త చట్టంలో ఇరవై ఒకటి ఉన్నాయి. 2011 జనాభా లెక్కల్లో దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలని తేలింది. ఆ లెక్క పాత జాబితా నాటిది.

స్టాంపు కాగితం

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఒక కార్ఖానాలో నలభై ఏళ్ల నేతగాడికి బొటనవేలు పోయిందనుకోండి. జీతం నెలకు 12,000. సేటు మంచివాడే. తన బండిలోనే ఆస్పత్రికి తీసుకుపోతాడు, మందుల ఖర్చు పెడతాడు, ఇంటికి వచ్చి పరామర్శిస్తాడు. నెల తర్వాత ఇరవై వేలు చేతిలో పెట్టి స్టాంపు కాగితం మీద సంతకం తీసుకుంటాడు. "నాకు రావలసింది ముట్టింది, ఇక ఏ బాకీ లేదు" అని అందులో మరాఠీలో రాసి ఉంటుంది. మనవాడు చదవడు. చదివినా, ఇంత చేసిన మనిషితో పేచీ ఏమిటని ఊరుకుంటాడు.

చట్టం లెక్క ఇలా ఉంటుంది. జీతంలో 60 శాతం అంటే 7,200. నలభై ఏళ్ల వయసుకు పట్టికలో ఇచ్చిన గుణకం 184.17. రెండూ గుణిస్తే 13 లక్షల 26 వేల చిల్లర. ఇది పూర్తిగా పని చేయలేని వాడికి వచ్చే మొత్తం. బొటనవేలికి పట్టికలో 30 శాతం అని ఉంది. అందులో 30 శాతం అంటే 3 లక్షల 97 వేల 807 రూపాయలు. ఇచ్చింది ఇరవై వేలు, రావలసింది దాదాపు నాలుగు లక్షలు. మధ్యలో ఉన్నది ఒక స్టాంపు కాగితం.

ఆ కాగితానికి చట్టంలో విలువ లేదు. పరిహారం హక్కు వదులుకుంటున్నానని కార్మికుడు రాసిచ్చే ఒప్పందం చెల్లదు. రాజీ కుదిరితే దాన్ని పరిహార కమిషనరు దగ్గర రిజిస్టరు చేయించాలి. మొత్తం న్యాయమైనది కాదని తోస్తే ఆయన దాన్ని తిరస్కరించవచ్చు. కాబట్టి సంతకం పెట్టిన వాళ్లు కూడా అధైర్యపడవద్దు. కేసు వేయడానికి ప్రమాదం జరిగిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంది. పరిహారం నెల లోపల ఇవ్వకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ పడుతుంది. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే అసలులో సగం దాకా జరిమానా కూడా వేయవచ్చు. వైద్యం ఖర్చు యజమాని విడిగా భరించాలి. అది పరిహారంలో కోసుకునేది కాదు.

ఇంకొక మాట. దెబ్బ తగిలాక మనవాళ్లు చాలా మంది తెలంగాణలోని సొంత ఊరికి పోతారు. అక్కడి నుంచి ఇక్కడి కోర్టుకు ఎలా తిరగాలి అని కేసు వదిలేస్తారు. ప్రమాదం జరిగిన చోటే కాకుండా, కార్మికుడు మామూలుగా నివసించే చోట కూడా కేసు వేయవచ్చు. ఈ వెసులుబాటు మన లాంటి వలస వాళ్ల కోసం పెట్టిందే.

ఇవన్నీ 1923 నాటి పరిహార చట్టంలో ఉన్నవి. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమలులోకి వచ్చాయి. ఆ పాత చట్టమూ, 1948 నాటి ఇ.ఎస్.ఐ. చట్టమూ సామాజిక భద్రతా కోడ్‌లో కలిశాయి. కోడ్‌ల మీద కార్మిక సంఘాలకు ఉన్న అభ్యంతరాలు వేరే సభలో మాట్లాడుకుందాం. పరిహారం లెక్క కట్టే పద్ధతి మాత్రం కోడ్‌లో కూడా ఇదే. "పాత చట్టం పోయింది, ఇప్పుడు నీకేమీ రాదు" అని ఎవరైనా అంటే నమ్మవద్దు.

ఇ.ఎస్.ఐ. ఉన్న వాళ్లకు

పదిమంది, అంతకు పైగా పనిచేసే కార్ఖానాకు ఇ.ఎస్.ఐ. వర్తిస్తుంది. నెలకు 21,000 దాకా జీతం ఉన్నవాళ్లు దాని కిందికి వస్తారు. వికలాంగులైన కార్మికులకు ఈ హద్దు 25,000. కార్మికుడి జీతంలో నుంచి పోయేది నూటికి 75 పైసలు, యజమాని కట్టేది మూడు రూపాయల పావలా. ఈ మూడు రూపాయల పావలా తప్పించుకోవడానికే ఒకే కప్పు కింద ఉన్న సాంచాలను భార్య పేరున, తమ్ముడి పేరున, బావమరిది పేరున మూడు కార్ఖానాలుగా రాయడం మీరు చూస్తున్నారు.

ఇ.ఎస్.ఐ. ఉంటే పరిహారం కేసు వేయడానికి వీలు లేదు. బదులుగా వచ్చేది ఏమిటో వినండి. గాయంతో ఇంట్లో ఉన్నన్ని రోజులు కూలిలో 90 శాతం వస్తుంది. శాశ్వత వైకల్యం మిగిలితే మెడికల్ బోర్డు శాతం నిర్ణయిస్తుంది. రోజు కూలి 400 అనుకుంటే 90 శాతం 360. బోర్డు 30 శాతం అని రాస్తే రోజుకు 108, నెలకు సుమారు 3,200 రూపాయలు, బ్రతికినంత కాలం. మళ్లీ పనిలో చేరి జీతం తీసుకుంటున్నా ఇది ఆగదు. బోర్డు తక్కువ రాసిందనిపిస్తే అప్పీలు ఉంది. పనికి వచ్చేటప్పుడు, పోయేటప్పుడు దారిలో జరిగిన ప్రమాదం కూడా, పనితో దానికి సంబంధం చూపగలిగితే, లెక్కలోకి వస్తుంది.

కాని దీనంతటికీ మొదటి మెట్టు ప్రమాదం రిపోర్టు. దెబ్బ తగిలిన రోజే రిజిస్టరులో రాయించాలి. 48 గంటలకు పైగా పనికి రాలేని గాయమైతే యజమాని అధికారులకు నోటీసు పంపాలి. ఆస్పత్రిలో డాక్టరు ఎలా జరిగిందని అడిగితే కొందరు, సేటు పక్కన నిలబడ్డాడని, "ఇంట్లో పడ్డాను" అని చెబుతారు. ఆ ఒక్క మాట కేసు పేపరు మీద ఎక్కుతుంది. తర్వాత ఏ వకీలూ దాన్ని తుడవలేడు. పనిలో జరిగింది పనిలో జరిగిందనే చెప్పండి.

రెండు రకాల శాతం

ఇక్కడ చాలా మంది తికమక పడతారు. పరిహారంలో చెప్పే శాతం వేరు, వికలాంగుల కార్డు మీద ఉండే శాతం వేరు. మొదటిది సంపాదించే శక్తి ఎంత తగ్గింది అన్న లెక్క. రెండోది శరీరం ఎంత దెబ్బతిన్నది అన్న లెక్క. కార్డు మీద 40 శాతం లేని వాడికి వికలాంగుల పథకాలు చాలా వరకు వర్తించవు. అంతమాత్రాన అతనికి పరిహారం రాదని కాదు. "నీకు కార్డే లేదు, పరిహారం ఎక్కడిది?" అని మేనేజరు దబాయిస్తే, రెండూ వేరు వేరు చట్టాలని చెప్పండి.

పట్టికలో శాతం రాసి ఉంది కదా, అంతకు మించి రాదా? వస్తుంది. ఒడిషాలో ఒక వడ్రంగికి పనిలో కిందపడి ఎడమ చెయ్యి తీసేయవలసి వచ్చింది. పట్టిక ప్రకారం అది పూర్తి వైకల్యం కాదని యజమాని వాదించాడు. కేసు సుప్రీం కోర్టు దాకా పోయింది. వడ్రంగం ఒంటి చేత్తో చేసే పని కాదు, కాబట్టి ఆ వృత్తికి అతని నష్టం నూటికి నూరు అని 1975లో కోర్టు తేల్చింది. నేతగాడికి కూడా అదే న్యాయం. తెగిన దారం కలిపే వేళ్లు లేని వాడికి సాంచా మీద పని ఎంత మిగిలిందో డాక్టరుకు వివరించి చెప్పించాలి. "ఈ గాయంతో ఇతను తన పని చేయగలడా?" అన్న ప్రశ్నకు జవాబు సర్టిఫికెట్టులో రాయించుకోవడం యూనియన్ చూడవలసిన పని.

కార్డు, పింఛను

వికలాంగుల గుర్తింపు కార్డుకు ఇప్పుడు దేశమంతటికీ ఒకే పద్ధతి ఉంది. యు.డి.ఐ.డి. అంటారు. దరఖాస్తు కంప్యూటరులో పెట్టాలి, పరీక్ష సర్కారు ఆస్పత్రిలో చేస్తారు. ఇక్కడ ఇచ్చిన కార్డు తెలంగాణలోనూ, ఆంధ్రలోనూ, కర్ణాటకలోనూ చెల్లుతుంది. ఊరు మారినప్పుడల్లా మళ్లీ పరీక్షకు నిలబడనక్కర లేదు.

పింఛను సంగతి అలా కాదు. అది ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రం లెక్క. కేంద్రం ఇచ్చే వాటా, 80 శాతం వైకల్యం ఉండి దారిద్ర్య రేఖకు దిగువన ఉన్న వాళ్లకు, నెలకు 300 రూపాయలు. 300 రూపాయలతో ఈ రోజుల్లో నెల ఎలా గడుస్తుందో మీ ఇళ్లలో ఆడవాళ్లను అడగండి. మిగతాది రాష్ట్రాలు కలుపుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వికలాంగుల పింఛను 6,000 చేశారు. తెలంగాణలో 2023లో 4,016 అయ్యింది. మన మహారాష్ట్రలో సంజయ్ గాంధీ నిరాధార్ పథకం కింద 1,500 ఉండేది, 2025లో వికలాంగులకు 2,500 చేశారు. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరు అన్నదమ్ముల్లో ఊళ్లో ఉన్నవాడికి ఒక లెక్క, మిల్లుకు వలస వచ్చిన వాడికి ఇంకొక లెక్క. రెండు చోట్లా తీసుకోవడం నేరం, ఆ పని చేయవద్దు. ఇక్కడ రావలసినది ఇక్కడ పెంచమని అడగడం మన పని. వికలాంగులకు ఇచ్చే సాయం ఇతరులకు అలాంటి పథకాల్లో ఇచ్చే దానికంటే కనీసం పాతిక శాతం ఎక్కువ ఉండాలని 2016 చట్టంలోనే ఉంది. ప్రభుత్వ ఇళ్లు, స్థలాల కేటాయింపులో ఐదు శాతం వాళ్లకు పెట్టాలని కూడా ఉంది. కార్మికుల కాలనీలు కట్టేటప్పుడు ఆ ఐదు శాతం ఎవరికి పోయిందో, అవి కింది అంతస్తు ఇళ్లో కాదో మనం అడగాలి.

ఠాణా, కోర్టు

కోర్టు అనగానే మనవాళ్ల గుండె జారిపోతుంది. వకీలు ఫీజు ఒకటి, భాష ఒకటి, మెట్లు ఒకటి. మూడింటికీ చట్టంలో జవాబు ఉంది.

ఫీజు సంగతి: 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షను ప్రకారం వికలాంగులకు, పారిశ్రామిక కార్మికులకు, స్త్రీలకు ఉచితంగా వకీలును ఇవ్వాలి. ఈ ముగ్గురికీ ఆదాయం హద్దు లేదు. జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది. ఒక తెల్ల కాగితం మీద దరఖాస్తు చాలు. 15100 నంబరుకు ఫోను చేసినా చెబుతారు. సర్కారు వకీలు సరిగా పట్టించుకోడని మనలో ఒక మాట ఉంది. కేసు మొదటి తారీఖు నుంచి యూనియన్ మనిషి పక్కన కూర్చుంటే పట్టించుకుంటాడు.

భాష సంగతి: 2016 చట్టం 12వ సెక్షను కింద, వికలాంగుడు తనకు వీలైన భాషలో, తనకు వీలైన పద్ధతిలో సాక్ష్యం చెప్పే ఏర్పాటు చేయాలి. మాట రాని వాడు రాసి గాని, సైగలతో గాని సాక్ష్యం చెప్పవచ్చు. అది నోటితో చెప్పిన సాక్ష్యంతో సమానం. మన ఇళ్లలో పుట్టు చెవిటి పిల్లలు చాలా మంది బడిలో నేర్పే సైగల భాష నేర్చుకోలేదు. తల్లికీ అక్కకూ మాత్రమే అర్థమయ్యే ఇంటి సైగలు వాళ్లవి. అలాంటి చోట తల్లి కూడా ఇంటర్‌ప్రెటరు పక్కన ఉండాలని మనం దరఖాస్తు పెట్టుకోవాలి. సాక్షిగా వికలాంగుణ్ణి పోలీసులు ఠాణాకు పిలిపించుకోకూడదు, అతని ఇంటికి వచ్చే వాంగ్మూలం తీసుకోవాలి. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త క్రిమినల్ చట్టంలో కూడా ఈ నియమం ఉంది.

వికలాంగుల మాట తక్కువ మాట అని కోర్టుల్లో వాదించే వాళ్లకు 2021 ఏప్రిల్‌లో సుప్రీం కోర్టు జవాబు చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో చూపులేని ఒక దళిత యువతి మీద అత్యాచారం జరిగింది. ఆమె నేరస్థుణ్ణి గొంతు బట్టి గుర్తుపట్టింది. కంటితో చూడలేదు కాబట్టి నమ్మరాదన్న వాదన నిలవలేదు. రోజూ గొంతులు విని మనుషులను పోల్చుకునే వాళ్ల గుర్తింపు కూడా గుర్తింపేనని కోర్టు చెప్పింది. వైండింగులో, బీడీ ఖాతాల్లో పనిచేసే అక్కలు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. మాట రాని, తెలివి తక్కువ అని ముద్రపడ్డ ఆడపిల్లల మీద జరిగే ఘోరాలు, "దాని మాట ఎవరు నమ్ముతారు" అన్న ధైర్యంతోనే జరుగుతాయి. ఆ ధైర్యాన్ని చట్టం తీసేసింది. ఇంటి పరువు పేరుతో మనం తిరిగి ఇవ్వకూడదు.

మెట్ల సంగతి: ప్రభుత్వ భవనాలు వికలాంగులు ఎక్కగలిగేలా, తిరగగలిగేలా ఉండాలన్నది సలహాగా మిగలకూడదు, తప్పనిసరి నియమాలుగా ఉండాలని 2024 నవంబరులో సుప్రీం కోర్టు కేంద్రానికి చెప్పింది. పై అంతస్తు కోర్టులో కేసు ఉంటే, కింది గదిలో విచారించమని గాని, వీడియో ద్వారా వినమని గాని దరఖాస్తు పెట్టవచ్చు. ఏ కార్యాలయమైనా చట్టాన్ని పక్కన పెడితే పుణెలో రాష్ట్ర వికలాంగుల కమిషనరు ఉన్నారు. అధికారులను పిలిపించి విచారించడానికి ఆయనకు సివిల్ కోర్టుకు ఉండే అధికారాలు ఉన్నాయి.

పని మిగలాలి

ఇప్పటి దాకా చెప్పింది డబ్బు సంగతి. కాని వేలు పోయిన మనిషి మొదట అడిగేది డబ్బు కాదు. "నన్ను మళ్లీ పనిలో పెట్టుకుంటారా?" అని అడుగుతాడు. నలభై ఏళ్లకే ఇంట్లో కూర్చున్న మగవాడు ఏమవుతాడో, ఆ ఇంట్లో పెళ్లాం పిల్లలు ఏమవుతారో మన పేటల్లో మనం చూస్తూనే ఉన్నాం.

ఇక్కడ చట్టంలో ఒక పెద్ద కంత ఉంది, దాచకుండా చెప్పాలి. ఉద్యోగంలో ఉండగా వికలాంగుడైన వాణ్ణి తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు, అదే జీతం మీద వేరే పని ఇవ్వాలి అని 2016 చట్టం 20వ సెక్షనులో ఉంది. కాని అది ప్రభుత్వ సంస్థలకు మాత్రమే. ప్రైవేటు మిల్లుకు, కార్ఖానాకు ఆ కట్టు లేదు. ప్రైవేటు సంస్థ కూడా సమాన అవకాశాల విధానం ప్రకటించాలని 21వ సెక్షనులో ఉంది. షోలాపూరులో ఏ కార్ఖానా గోడ మీద అయినా అలాంటి కాగితం అంటించి ఉండగా మీరు చూశారా?

మరి మన దారి ఏమిటి? ఆర్టీసీ డ్రైవరు కేసు ఒకటి చెబుతాను. తెలంగాణ ఆర్టీసీలో ఒక డ్రైవరుకు రంగులు సరిగా కనబడవని వైద్య పరీక్షలో తేలింది. 2016 జనవరిలో ఇంటికి పంపారు. వేరే పని ఇవ్వమన్నాడు, ఇవ్వలేదు. వికలాంగుల చట్టం జాబితాలో రంగుల అంధత్వం లేదు కాబట్టి నీకు హక్కు లేదు అన్నారు. తొమ్మిదేళ్లు పోరాడాడు. 2025 ఆగస్టు 1న సుప్రీం కోర్టు అతనికి అదే జీతం స్థాయిలో తగిన పని ఇవ్వమని తీర్పు చెప్పింది. దేన్ని బట్టి? 1979లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ యాజమాన్యానికీ కార్మిక సంఘానికీ కుదిరిన ఒప్పందంలో, రంగులు కనబడని డ్రైవరుకు వేరే పని ఇవ్వాలని ఒక షరతు ఉంది. ఆ ఒప్పందం ఇంకా యాజమాన్యాన్ని కట్టిపడేస్తున్నదని కోర్టు అన్నది.

ఆలోచించండి. 1979లో బేరసారాల బల్ల దగ్గర కూర్చున్న వాళ్లు ఈ డ్రైవరును ఎరగరు. జీతాలు, బోనసు మాట్లాడుకొని లేచిపోయి ఉండవచ్చు. లేవలేదు. ఒక షరతు రాయించారు. నలభై ఆరు ఏళ్ల తర్వాత అది ఒక ఇంటి పొయ్యి వెలిగించింది. చట్టం జాబితాలో పేరు లేని వాణ్ణి యూనియన్ రాయించిన వాక్యం కాపాడింది.

మనం చేయవలసినది

కాబట్టి ఈ సభ ముందు నాలుగు ప్రతిపాదనలు పెడుతున్నాను. మీరు చర్చించి తేల్చండి.

ఒకటి. వచ్చే కూలి ఒప్పందంలో ఈ షరతు ఉండాలి: పనిలో గాయపడి గాని, పని వల్ల జబ్బుపడి గాని పాత పని చేయలేని కార్మికుడికి, ఆడ గాని మగ గాని, అదే కూలి మీద తగిన పని ఇవ్వాలి. బట్ట తనిఖీ ఉంది, మడత ఉంది, స్టోరు ఉంది, గేటు ఉంది, లెక్క రాసే పని ఉంది. పని లేదన్నది సాకు. కూలి పెంపు నాలుగు రూపాయలు తగ్గినా ఈ షరతు వదలవద్దని నా మనవి. మీలో కొందరికి ఈ మాట నచ్చకపోవచ్చు. పది వేళ్లూ ఉన్న వాళ్లకు నాలుగు రూపాయలు పెద్దగా కనబడతాయి. ఆ పది వేళ్లూ సాయంత్రం దాకా ఉంటాయని ఎవరూ పూచీ ఇవ్వలేరు.

రెండు. యూనియన్ తరఫున ప్రమాదాల పుస్తకం ఒకటి పెట్టాలి. యజమాని రిజిస్టరు మీద ఆధారపడవద్దు. ఏ రోజు, ఏ షిఫ్టు, ఏ మిషను, దానికి కప్పు ఉందా లేదా, చూసిన వాళ్లు ఎవరు, ఏ ఆస్పత్రి. ఇవి రాసి, ఇద్దరు సంతకం చేయాలి. రేపు కమిషనరు ముందు ఇదే సాక్ష్యం.

మూడు. వారానికి ఒక సాయంత్రం కార్డులకు, పింఛన్లకు, పరిహారం కేసులకు దరఖాస్తులు నింపే ఏర్పాటు చేయాలి. చదువుకున్న మన పిల్లలు కూర్చోవాలి. మరాఠీ వచ్చిన వాళ్లు, ఇంగ్లీషు వచ్చిన వాళ్లు మన ఇళ్లలో ఇప్పుడు కొదవ లేదు. గడువు రెండేళ్లు దాటని పాత ప్రమాదాలన్నీ ముందు వెతకాలి. సంతకం పెట్టి ఇంట్లో కూర్చున్న వాళ్ల దగ్గరికి మనమే వెళ్లాలి.

నాలుగు. మన సభలు కింది అంతస్తులోనే జరగాలి. గాయపడి పని మానుకున్న వాళ్ల సభ్యత్వం కొనసాగాలి, చందా మినహాయించాలి, కమిటీలో వాళ్లకు ఒక చోటు ఉండాలి. వాళ్ల కోసం మనం మాట్లాడటం కంటే వాళ్లు లేచి మాట్లాడితేనే మేనేజరు వింటాడు.

నేను చెప్పవలసింది అయిపోయింది. ఇప్పుడు మీరు మాట్లాడాలి. కార్ఖానాలో దెబ్బ తగిలిన వాళ్లు, ఇంట్లో అలాంటి వాళ్లు ఉన్న అక్కలు ముందుగా రండి. ఏ రోజు జరిగిందో, ఎంత ఇచ్చారో, దేని మీద సంతకం పెట్టించారో చెప్పండి. తలుపు పక్కన బల్ల దగ్గర ఇద్దరు తమ్ముళ్లు పుస్తకం తెరిచి కూర్చున్నారు. ఒక్కొక్కరి పేరూ రాసుకున్నాకే ఈ రోజు సభ ముగిద్దాం.